ఊరంతటికీ ఒకటే కుర్చీ

బోడిబండపల్లెలో పెళ్ళిచూపులంటే ఒక ఇంటి వ్యవహారం కాదు, ఊరి వ్యవహారం. ఫలానా ఇంటికి పిల్లనిచ్చేవాళ్ళు వస్తున్నారని తెలిస్తే చాలు, దర్జీ వలి బాషా కుర్చీ ఆ ఇంటికి వెళుతుంది. ఆయన రేడియో దాని వెనకాలే వెళుతుంది. సంతోషమ్మ స్టీలు గ్లాసులు తళతళా తోమించుకుని వెళతాయి. సర్పంచి మునిరామయ్య సైకిలు వెళ్ళి, పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నట్టు గోడకు ఆనుకుని నిలబడుతుంది. ఊరంతా వెతికినా ఉన్న సంపద అంతే. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. బోడిబండపల్లెవాళ్ళు అంత పాపానికి కూడా ఒడిగట్టరు. నోటితో ఒక్క అబద్ధమూ ఆడరు, కుర్చీని మాట్లాడనిచ్చి ఊరుకుంటారు.

తాయమ్మ ఆ ఊరికి కోడలుగా వచ్చింది ఈ దారినే. ఆమె పుట్టినూరు చిత్తూరు పక్కన. పెరట్లోనే చేదబావి, చెయ్యి చాపితే నీళ్ళు. గురప్పకు పిల్లనివ్వడానికి చూడవచ్చిన ఆమె నాయన కుర్చీని చూడలేదు, సైకిలును చూడలేదు. వసారాలో వరసగా పేర్చి, అంచులదాకా నింపిన కడవలను చూశాడు. "నీళ్ళుండే ఊరు తల్లీ, ఇంక నీకేం కరువు?" అని ఇంటికొచ్చి మురిసిపోయాడు.

పెళ్ళయి కాళ్ళ పారాణి ఇంకా ఆరకముందే అత్త ఒక కడవ తెచ్చి తాయమ్మ చంకలో పెట్టి, ఊరి వెనకున్న బోడిబండ వైపు చెయ్యి చూపించింది. బావి ఆ గుట్టకు అవతల ఉంది. వసారాలో తన నాయన చూసినవి ఊరి కడవలనీ, అందులోవి ఆ పూట ఊరంతా తాగవలసిన నీళ్ళనీ తాయమ్మకు అప్పుడు తెలిసింది. అది మొదలు పొద్దునా సాయంత్రం గుట్ట ఎక్కడం, దిగడం. ఇప్పుడు ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ అయిపోయాయి. మోకాళ్ళు మెట్టు ఎక్కేటప్పుడల్లా మూలుగుతున్నాయి. మొగుడితో ఎప్పుడు మాటా మాటా వచ్చినా ఆమె చివరికి ఒక్క మాటే అంటుంది: "కడవలు సూపించి కట్టుకున్నోనివి, నువ్వా నాకు సెప్పేది?" ఆ మాటతో గురప్ప తువ్వాలు దులుపుకుని చేను వైపు వెళ్ళిపోతాడు. వేరుశెనగ చేనులో పని లేకపోయినా వెళ్ళిపోతాడు.

తాయమ్మకు నగల మీద ఆశ లేదు. పట్టుచీర మీద అంతకన్నా లేదు. ఊళ్ళో ఒక బోరింగు పడాలి, దాని పిడి పట్టుకుని తాను నాలుగుసార్లు ఆడిస్తే కడవ నిండాలి. ఈ జన్మకు ఆమె దేవుణ్ణి అడిగినది అంతే.

ఎనభయ్యో సంవత్సరం వేసవిలో మునిరామయ్య బంగారుపాళ్యం నుంచి చెమటలు కక్కుతూ సైకిలు తొక్కుకుంటూ వచ్చి, వలి బాషా పంచలో దిగాడు. ఊరి మంచిచెడ్డలన్నీ ఆ పంచలోనే తేలుతాయి. వలి బాషా కుట్టుమిషను ఆపాడు.

"శుక్రవారం గవర్నమెంటాయన వస్తాడంట. ఇల్లిల్లూ తిరిగి ఎవురింట్లో ఏముండాదో రాసుకుంటాడంట. అదంతా సూసి బోరింగులిస్తారంట," అన్నాడు మునిరామయ్య.

కడవతో అటుగా పోతున్న తాయమ్మ టక్కున ఆగిపోయింది. గురప్ప మాత్రం అనుమానపు మనిషి.

"ఉండేటోళ్ళకిస్తారా, లేనోళ్ళకిస్తారా?"

"అది నేనడగలేదప్పా."

"దానికి అడగాల్నా?" అంది తాయమ్మ. "బంగారుపాళ్యానికి రోడ్డుండాదని కరెంటిచ్చినారు. కరెంటుండాదని బ్యాంకు పెట్టినారు. బ్యాంకుండాదని మామిడికాయల మండీ పెట్టినారు. మనకు ఏమీ లేదని ఇంతవరకూ ఏమిచ్చినారో సెప్పు. లేనోనికి పిల్లనెవురూ ఇయ్యరు గదా, లేనూరికి బోరింగు ఏంటికిస్తారు?"

పంచలో ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఊపక ఏం చేస్తారు? ఆ మాటలో తప్పు పట్టడానికి వాళ్ళకే కాదు, కళ్ళున్న ఎవరికీ సందు దొరకదు. మద్రాసు–బెంగుళూరు రోడ్డు పక్క ఊళ్ళు ఏటికేడు బలుస్తుంటే, ఆ రోడ్డుకు వీపు తిప్పి కూర్చున్న బోడిబండపల్లె ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది.

వలి బాషా గడ్డం గోక్కున్నాడు. "పెండ్లిచూపులంటే ఒకిల్లమ్మా. ఈయప్ప ఇల్లిల్లూ తిరుగుతాడంటా ఉండారు. ఉండేది ఒకటే కుర్చీ, యెట్ల?"

"కుర్చీకి నాలుగు కాళ్ళుండాయి గదన్నా. నడస్తాది," అంది తాయమ్మ.

శుక్రవారం పొద్దున్నే వచ్చాడు గవర్నమెంటాయన జయరావు. సన్నగా, కళ్ళద్దాలతో, భుజాన గుడ్డ సంచితో, కొత్త ఉద్యోగం తాలూకు భయభక్తులతో ఉన్నాడు. కృష్ణా డెల్టా మనిషి. చిత్తూరు జిల్లాకు వచ్చి రెండు నెలలైనా కాలేదు.

మొదటి ఇల్లు వలి బాషాదే. వలి బాషా భార్య రహిమున్నీసా చెంబుతో నీళ్ళిచ్చింది, జయరావు కాళ్ళు కడుక్కున్నాడు. కుర్చీ వేశారు. దాని కుడిచెయ్యి ఎప్పుడో విరిగితే వలి బాషా ఎర్రగుడ్డ పేలికలు చుట్టి నిలబెట్టాడు. రేడియోలో పాట పల్లవి వస్తున్నది. స్టీలు గ్లాసులో మజ్జిగ వచ్చింది. జయరావు అడిగింది అడిగి, రాసింది రాసుకుని ముందు వాకిట్లోంచి బయటపడ్డాడు. వెనక వాకిట్లోంచి కుర్చీ గురప్ప నెత్తినెక్కింది. రేడియో వలి బాషా చంకలో పాడుకుంటూనే సందులోకి దూరింది. సంతోషమ్మ గ్లాసులు కొంగులో మూటగట్టుకుని పరుగు తీసింది. మునిరామయ్య మాత్రం సర్పంచి హోదాకు తగ్గట్టు సైకిలును నింపాదిగా నడిపించుకు వెళ్ళాడు.

రెండో ఇంట్లో పాట చరణంలో ఉంది.

నాలుగైదు ఇళ్ళయ్యాక జయరావు నవ్వుతూ అడిగాడు: "ఊరంతా ఒకటే స్టేషను పెడతారేమిటండీ?"

"మాది ఐకమత్యం గల ఊరు సార్," అన్నాడు గురప్ప. కుర్చీ మోసిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

ఇంకో ఇంట్లో కూర్చోగానే జయరావు లేచి కుర్చీని తడిమి చూశాడు. "వెచ్చగా ఉందేమండీ?"

"ఎండకాలం గదా నాయనా," అంది తాయమ్మ. ఇంటింటా ముందుండి మర్యాదలు జరిపిస్తున్నది ఆమే. పాపం అతను తలూపి, ఈ ప్రాంతంలో కుర్చీలన్నింటికీ కుడిచేతికి ఎర్రగుడ్డ చుట్టే ఆచారం ఉన్నట్టుందని కూడా రాసుకున్నాడు. చదువుకున్నవాడు కాబట్టి దేనికైనా ఒక కారణం కనిపెట్టగలడు.

అన్నింటికన్నా ఘనంగా జరిగింది నీళ్ళ మర్యాద. వాకిట్లోకి వచ్చినవాడికి కాళ్ళకు నీళ్ళివ్వకపోతే బోడిబండపల్లెలో ఆ ఇంటికి మనిషి పుట్టుక లేనట్టే లెక్క. ముప్ఫై చిల్లర ఇళ్ళవాళ్ళూ ఇచ్చారు. పెళ్ళినాడు మామగారు కూడా అతని కాళ్ళు అన్నిసార్లు కడిగి ఉండడు. తెల్లవారుజాము నుంచీ ఆడవాళ్ళంతా గుట్టకు అటూ ఇటూ తిరిగి మోసి, తాయమ్మ కడవల్లో వరసగా పేర్పించిన నీళ్ళు జయరావు పాదాల మీదుగా వీధిలోకి పారాయి. కాకులు దిగి పండగ చేసుకున్నాయి.

చివరిది తాయమ్మ ఇల్లు. అక్కడ వరి బువ్వ, వడలు, పాయసం. రాగిసంకటి కుండను గడ్డివామి వెనక దాచారు. భోజనం చేశాక జయరావు మనసు నిండి, తన పనేమిటో వాళ్ళకు చెప్పాలనుకున్నాడు. ఇంటింటి ఆదాయం కలిపితే ఊరిదవుతుందట. ఊళ్ళన్నీ కలిపితే జిల్లాది, జిల్లాలన్నీ, రాష్ట్రాలన్నీ కలిపితే దేశానిదట. దాన్ని జనం తలలతో భాగిస్తే తలసరి ఆదాయమట. ఏటికేడు అది పెరుగుతున్నదట.

"అంటే నా తలకూ ఒక భాగముండాదా సార్?" గురప్ప కళ్ళు మెరిశాయి.

"తప్పకుండా. లెక్కలో ఉంది."

"లెక్కలో ఉండేది ఇంటికెప్పుడొస్తాది?"

జయరావు నవ్వి, ఇంకో గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఊళ్ళో పొయ్యి రాజేసిన ఇల్లు లేదు. వండటానికి చుక్క నీళ్ళుంటేగా! అందరూ బొరుగులు నమిలారు. తాయమ్మ మాత్రం బొరుగులు నములుతూనే, బోరింగు తన వాకిట్లో పడితే బాగుంటుందా, వీధి మలుపులో పడితే బాగుంటుందా అని ఆలోచించుకుంది.

వానలు వచ్చినట్టే వచ్చి పోయాక మునిరామయ్య పంచాయతీ సమితి ఆఫీసు నుంచి తిరిగొచ్చాడు. సైకిలు దిగి, పంచలో కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"బోరింగు మామిడిమానుపల్లెకు ఇచ్చినారు," అన్నాడు.

మామిడిమానుపల్లె రోడ్డు పక్క ఊరు. తోటలు, కరెంటు మోటార్లు, మేడలు ఉన్న ఊరు. జయరావు వస్తున్నాడని తెలిసి వాళ్ళు మోటార్లను గడ్డి కింద దాచి, పాత పంచెలు కట్టుకుని, మజ్జిగ కూడా లేదు సార్ అని చేతులు పిసుక్కున్నారట. ఈ బోరింగులు వెనకబడిన ఊళ్ళకట. బోడిబండపల్లె సమితికల్లా ముందుకు పోయిన ఊరట. ఇంటికో రేడియో, ఇంటికో సైకిలు, నీళ్ళు సమృద్ధి.

"ఆఫీసులో అందరూ నా సెయ్యి పట్టుకోని ఊపినారప్పా," అన్నాడు మునిరామయ్య ఏడుపు గొంతుతో. "మంచి సర్పంచినంట నేను."

ఎవరూ తాయమ్మను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మర్నాడు బావి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి, చేద తాడు ఆమెకే ముందుగా అందించారు. ఆ మర్యాదకు తాయమ్మ గుండె తరుక్కుపోయింది. దేవుడు ఇన్నాళ్ళకు వరమియ్యబోతే తనే అడ్డం నిలబడి, మాకొద్దు సామీ, మేము కలిగినోళ్ళం అని చెప్పి పంపించింది. తన నాయనను మోసం చేసిన కడవలనే తానూ వరసగా పేర్చింది. ఆ తర్వాత గురప్పను "కడవలు సూపించి" అని దెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. దెప్పేవాళ్ళు లేక గురప్ప కూడా దిగులు పడిపోయాడు.

దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకు, ఎవరూ అనుకోకుండా, మిట్టమధ్యాహ్నం జయరావు మళ్ళీ ఊడిపడ్డాడు. ముఖం వెలిగిపోతున్నది. నేరుగా తాయమ్మ వాకిట్లోకి వచ్చాడు.

"మీ ఊరి లెక్క చూసి మా పైవాళ్ళు ఆశ్చర్యపోయారమ్మా! రోడ్డు లేదు, కాలవ లేదు, ఇంత బాగా ఎట్లా బతుకుతున్నారో తెలుసుకుని రాసుకు రమ్మన్నారు. మిగతా ఊళ్ళకు చెప్పడానికట."

గురప్ప వెనక వాకిలి వైపు జారుకోబోయాడు. ఎందుకో తాయమ్మకు తెలుసు.

"నిలబడయ్యా! కుర్చీ వద్దు."

"మేయ్, ఊరి పరువు..." అని గొణిగాడు గురప్ప.

"పరువును కడవలో పోసుకోని తాగుతావా?"

జయరావుకు ఏమీ అర్థం కాలేదు. కిందటిసారిలాగే కాళ్ళ నీళ్ళ కోసం వాకిట్లో నిలబడి ఉన్నాడు. తాయమ్మ ఖాళీ కడవ చంకనెత్తుకుని, ఇంకోటి అతని చేతికిచ్చింది.

"నీ కాళ్ళకు నీళ్ళియ్యాల నాయనా. ఇంట్లో లేవు. రా, పోయి తెచ్చుకుందాం."

బావి పెరట్లో ఉంటుందనుకున్నాడు జయరావు. నవ్వుతూ కడవ పుచ్చుకుని బయలుదేరాడు. ఊరు దాటింది. తుమ్మచెట్లు దాటాయి. గుట్ట మొదలైంది. సగం ఎక్కేసరికి నవ్వు పోయింది, చొక్కా వీపుకు అంటుకుంది. ఒక బండ నీడన కూర్చున్నప్పుడు తాయమ్మ దాచకుండా అంతా చెప్పేసింది. కుర్చీ నడిచిన సంగతి, పాట నడిచిన సంగతి, ఎర్రగుడ్డ సంగతి.

జయరావు నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఎర్రగుడ్డ ఆచారం గురించి పై అధికారి తనను మెచ్చుకున్నాడని చెప్పి మరీ నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అమ్మా, ఆ కాగితాలు హైదరాబాదు పోయాయి. అక్కడి నుంచి ఢిల్లీకి పోయాయి. మీ ఒక్క రేడియో ముప్ఫై రేడియోలయి దేశం లెక్కలో కలిసిపోయింది."

"అయితే మా వల్ల దేశం పెరిగిందా నాయనా?"

"పెరిగిందమ్మా."

"మంచిదేలే. దేశమన్నా సల్లగా ఉండనీ," అంది తాయమ్మ లేస్తూ. "పద, పొద్దు పోతాది."

తిరుగు దారిలో అతనికి కడవ ఎత్తుకోవడం రాలేదు. నెత్తిన పెట్టుకుంటే నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. చంకన పెట్టుకుంటే మనిషి ఒక పక్కకు ఒరిగిపోయాడు. చివరికి రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు కరుచుకుని గుట్ట దిగాడు. "మా ఊళ్ళో గడప దిగితే కాలవండీ. కాళ్ళు కడుక్కోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అందుకే మీరు నీళ్ళు పోస్తుంటే నాకేమీ అనిపించలేదు," అన్నాడు ఆయాసపడుతూ. ఆ మాటను తాయమ్మతో అన్నాడో, తనకు తానే చెప్పుకున్నాడో.

వాకిట్లోకి వచ్చేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. గవర్నమెంటాయన కడవ మొయ్యడం వాళ్ళు అంతకు ముందు చూడలేదు. కడవ సగానికి దిగిపోయింది. తాయమ్మ అందులోంచి చెంబు ముంచి, అతని ముందుకు వచ్చింది.

"కాళ్ళు సాపు నాయనా."

జయరావు గభాలున వెనక్కి జరిగాడు. "వద్దమ్మా! ఈ నీళ్ళు కాళ్ళకా? వంటకుంచండి."

తాయమ్మ చెంబు దించింది.

"అదే రాసుకో నాయనా. ఇంకేమీ రాయాల్సిన పన్లే."

అతను అక్కడే నేల మీద కూర్చుని రాశాడు. ఈసారి కుర్చీ ఎవరూ వెయ్యలేదు. వెళ్ళేటప్పుడు, పైవాళ్ళు నమ్ముతారో లేదో తెలియదనీ, తనకు చీవాట్లు తప్పవనీ చెప్పాడు. తాయమ్మ ఒక పిడచ రాగిసంకటి, ఊరుబిండి పచ్చడి ఆకులో పెట్టి ఇచ్చింది. చీవాట్లు ఖాళీ కడుపుతో తినకూడదంది.

చీవాట్లు బాగానే పడ్డట్టున్నాయి. గవర్నమెంటు ఒకసారి పెరిగిందని రాసుకున్నదాన్ని తగ్గించుకోవడానికి ఎక్కడైనా ఒప్పుకుంటుందా? కానీ జయరావు వదిలిపెట్టలేదు. రాసినదాన్నే మళ్ళీ మళ్ళీ రాశాడు. సమితిలో మునిరామయ్య కూడా, మంచి సర్పంచినన్న పేరు పోయినా సరేనని, చెప్పులరిగేలా తిరిగాడు. మరుసటేడు మామిడికాయల కాలం ముగిసే వేళకు బోరు లారీ ఒకటి దారి లేని దారిలో గుంతల్లో పడుతూ లేస్తూ ఊళ్ళోకి వచ్చింది. పొద్దంతా బండను తొలిచింది. తెల్లటి రాతిపొడి ఇళ్ళ మీదా మనుషుల మీదా పడింది. ఊరంతా తెల్లగా దయ్యాల్లా నిలబడి చూస్తుంటే, ముందు బురద, తర్వాత నీళ్ళు ఎగజిమ్మాయి. రహిమున్నీసా పెద్దగా ఏడ్చింది. తాయమ్మ ఏడవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊరికే చూస్తూ నిలబడింది.

బోరింగు వీధి మలుపులో పడింది. పిడి బిగించిన రోజున జయరావు వచ్చాడు. వలి బాషా కుర్చీ తెచ్చి బోరింగు పక్కనే వేశాడు.

"ఈ పూట కుర్చీ ఎవరిదండీ?" అన్నాడు జయరావు.

"ఊరిది సార్. ఎప్పుడూ ఊరిదే," అన్నాడు వలి బాషా.

తాయమ్మ పిడి పట్టుకుని ఆడించింది. నాలుగుసార్లకు నిండలేదు, ఇంకా ఎక్కువే పట్టింది గానీ కడవ నిండింది. చెంబు ముంచుకుని జయరావు ముందుకు వచ్చింది. ఈసారి అతను కాళ్ళు చాపాడు. ఆమె పోసింది. సగం చెంబు అయ్యేసరికి చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మిగతాది వెనక్కి, కడవ వైపు తిరిగింది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి ఆమె మాట వినలేదు.

ఊరంతా ఆ చెయ్యిని చూసింది. ఎవరూ నవ్వలేదు. గురప్ప ముందుకొచ్చి బోరింగు పిడి పట్టుకున్నాడు.

"పొయ్యి మేయ్," అన్నాడు మెల్లగా. "నేను కొడతా ఉండా గదా, పొయ్యి."

తాయమ్మ చెంబెడు నీళ్ళూ పోసేసింది.